బడి ముందా, పని ముందా?

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఉదయము ఎనిమిది గంటల వేళ నిలిచి చూచువారికి ఒకే వీథిలో రెండు జనప్రవాహములు కనబడును. భుజములకు పుస్తకముల సంచులు తగిలించుకొని బడికి పోవు బాలబాలికలు ఒక వైపు. చేత టిఫిను డబ్బా పట్టుకొని షెడ్ల గేట్లవైపు సాగు కార్మికులు మరియొక వైపు. మొదటి ప్రవాహమునుండి రెండవ ప్రవాహములోనికి మనిషి ఏ వయస్సున, ఎంత చదువుతో అడుగిడవలెను? నేడు మన విద్యావిధానము ముందున్న ప్రశ్నలలో ఇంతకంటె ముఖ్యమైనది లేదని నా నమ్మకము.

నేడు ఎచ్చట విన్నను 'నైపుణ్యము' అను మాటయే వినబడుచున్నది. తెలంగాణ శాసనసభ 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ స్థాపనకు చట్టము చేసినది. అదే సంవత్సరము జూన్ నెలలో రాష్ట్రమందలి 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సంస్థ సహకారముతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చు కార్యక్రమమునకు హైదరాబాదు మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగువారి యొద్ద పని చూచి నేర్వవలెనని సూచించినది. ఈ ప్రయత్నములను కాదనువాడెవడు? చదువు ముగించిన యువకునకు చేతిలో ఒక విద్య ఉండవలెననుట అందరకును సమ్మతమే.

అయినను ఇందులో ఒక చిక్కు కలదు. నైపుణ్యమనునది చదువు అను పునాదిమీద కట్టవలసిన మేడయా, లేక చదువునకు బదులుగా చూపెడు అడ్డదారియా? విధానపత్రములు వ్రాయువారు మొదటి అర్థముననే ఆ మాటను వాడుదురు. కాని అది బీదవాని యింటికి చేరునప్పటికి రెండవ అర్థము ధరించును. "పదవ తరగతి అయినది చాలును, ఏదో ఒక పనిలో పెట్టినచో పనియైనను వచ్చును" అను మాట ఈ వాడలో వినని ఉపాధ్యాయుడు ఉండడు. ఆ మాట కొట్టివేయదగినది కాదు, కష్టమునుండి పుట్టినది. కావుననే దానికి శ్రద్ధతో సమాధానము చెప్పవలసియున్నది.

ఆ సమాధానమును గ్రంథములలో గాక పల్లెల పొలములలోను, బడి వాకిళ్ళలోను వెదకినవారు ఆచార్య శాంతా సిన్హా గారు. వీరు 1950 జనవరి 7వ తేదీన నెల్లూరులో జన్మించిరి. ఆంధ్రప్రదేశములో స్వాతంత్ర్యోద్యమ చరిత్రను సంపుటములుగా వెలువరించిన చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారికి మనుమరాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రములో ఎం.ఏ., ఢిల్లీ జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున పిహెచ్.డి. పట్టము పొంది, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున అధ్యాపకత్వము వహించిరి. తరగతిగదికే పరిమితమై యున్నను గౌరవముగా గడచిపోవు జీవితమే అది.

వీరి మార్గము మారుటకు కారణమైనది శ్రామిక విద్యాపీఠము. 1967లో బొంబాయి నగరమున మొదటిసారి నెలకొల్పబడిన ఈ విద్యాపీఠముల ఉద్దేశము కార్మికులకు అక్షరజ్ఞానమును, వృత్తినైపుణ్యమును, హక్కుల తెలివిడిని కలిపి నేర్పుట. నేటి పరిభాషలో చెప్పవలెనన్నచో ఇది నైపుణ్యాభివృద్ధి సంస్థయే. 2000లో వీనికి జన శిక్షణ సంస్థానములని పేరు మారినది. 2018 నుండి ఇవి కేంద్రప్రభుత్వ నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వశాఖ క్రిందికి వచ్చినవి. 1980 దశకమున విశ్వవిద్యాలయము తరపున అట్టి విద్యాపీఠము బాధ్యత వహించిన శాంతా సిన్హా గారు రంగారెడ్డి జిల్లా పల్లెలలో వెట్టిచాకిరి చేయువారిని సంఘటితపరచుటకు పూనుకొనిరి. వెట్టివారనగా పెద్దలేయని అంతవరకు తలంపు. తీర చూడగా దొరలయిండ్లలోను, పొలములలోను జీతమున్నవారిలో చాలమంది పిల్లలు! తండ్రి చేసిన అప్పునకు కొడుకు పశువులు కాయుచుండెను. అప్పు తీరదు, పిల్లవాడు పెద్దవాడగును, వాడు మరల అప్పుచేసి తన కొడుకును జీతమునకు కుదుర్చును.

ఇట్లు విముక్తులైన పిల్లలను బడికి సిద్ధపరచుటకై 1987లో మూడు నెలల శిబిరము నడపిరి. శ్రామికులకు పని నేర్పు సంస్థలో కూర్చున్న వ్యక్తి, పిల్లలచేత పని మాన్పించుటయే మొదటి కర్తవ్యమని తేల్చుకొనిరి. శ్రామిక విద్య అవసరము లేదని వారి భావము కాదు. చిన్ననాడే పనిలో అరిగిపోయినవానికి పెద్దయిన తరువాత ఏ విద్యాపీఠమును పూర్తిగా మేలు చేయజాలదని వారు కన్నులార చూచిరి.

తాతగారి స్మృత్యర్థము 1981లో కుటుంబము స్థాపించిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి ఈ కార్యమును చేపట్టినది. కార్యక్షేత్రము మొదట రంగారెడ్డి జిల్లా. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడువరకు జీడిమెట్లయు ఆ జిల్లాలోనిదే యని పాఠకులు గమనింపవలెను. ఇది మన వాకిట జరిగిన కథ.

ఆ ఫౌండేషన్ అంగీకరించిన మూలసూత్రము ఒక్క వాక్యములో ఇముడును: పగటిబడిలో లేని ప్రతి పిల్లవాడును, ప్రతి పిల్లయు బాలకార్మికులే. చెప్పుటకు చిన్నది, ఫలితములు పెద్దవి. 1986 నాటి బాలకార్మిక చట్టము అపాయకరమైన పనులను నిషేధించి తక్కిన పనులను నియంత్రించుటతో సరిపెట్టుకొన్నది. గాజుల కొలిమివద్దనున్న బాలుడు చట్టము కంటికి కనబడును. ఇంట చంటిపాపను ఎత్తుకొని తిరుగు తొమ్మిదేండ్ల అక్క ఎవరికి కనబడును? కట్టెలు తెచ్చు పిల్ల, గొర్రెలు కాయు పిల్లవాడు, సంకరజాతి పత్తి విత్తనముల చేలలో పూవునకు పూవు పుప్పొడి అంటించు బాలిక ఏ లెక్కలో చేరుదురు? వీరందరిని ఒకే పేరున పిలిచి, వీరందరికిని ఒకే మందు బడి యని చెప్పుటయే శాంతా సిన్హా గారి విధానములోని విశేషము.

దీనికి ఎదురైన మొదటి ఆక్షేపణ బీదరికము. పిల్లవాని కూలి లేనిదే కుటుంబము గడవదని అనేకులు వాదించిరి. బీదరికమును వారు కాదనలేదు. బీదవాడు చదువును కోరడను మాటను మాత్రము ఒప్పుకొనలేదు. ఒకే వీథిలో, ఒకే రాబడిగల రెండు కుటుంబములలో ఒకటి పిల్లలను బడికి పంపుచున్నది, ఒకటి పంపుటలేదు. భేదము బీదరికములో లేదు గదా! బడిలో చేర్చుటకు ఎవరిని కలియవలెను, ఏ నెలలో కలియవలెను, పుట్టినతేదీ పత్రము లేనిచో ఏమి చేయవలెను, పండ్రెండేండ్లవానిని ఆరేండ్ల పిల్లల సరసన ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టినచో వాడు సిగ్గుపడి పారిపోకుండునా అను చిక్కులే అక్షరమెరుగని తల్లిదండ్రులకు గోడలై నిలిచినవి. చదువుకొన్నవాడు ఆ గోడను చూడనే చూడడు. వానికి అది తలుపువలె కనబడును.

ఆ గోడను దాటించుటకు ఏర్పడినవే వంతెన శిబిరములు. పని విడిచి వచ్చిన పెద్దపిల్లలు కొన్ని నెలలు అచ్చటనే యుండి చదువుకొని, తమ యీడు పిల్లలున్న తరగతిలోనికే నేరుగా ప్రవేశింతురు. తరువాత వారిని ప్రభుత్వ పాఠశాలలలోను, సంక్షేమ వసతిగృహములలోను చేర్పింతురు. ప్రత్యేకముగా బీదల బడి యొకటి పెట్టుట వారి ఉద్దేశము కాదు. ఉన్న సర్కారు బడికే పిల్లలను చేర్చి, ఆ బడినే బాగుచేయవలెనని వారి పట్టుదల. ఈ పనిలో ప్రభుత్వోపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదిక యను పేర సంఘటితులై ఇంటింటికి తిరిగిన సంగతి ఉపాధ్యాయలోకము గర్వముతో చెప్పుకొనదగినది. గ్రామపంచాయతీలు, యువజనులు, తల్లులు చేయి కలిపిరి. ఒక్కొక్క గ్రామము తనలో బడి వెలుపల పిల్లవాడు లేడని ప్రకటించుకొను స్థితికి వచ్చినది. 1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసే పురస్కారము శాంతా సిన్హా గారిని వరించినవి.

రెండవ ఆక్షేపణ మరికొంత మెత్తనిది. పగలు పని చేయనిండు, రాత్రి బడి పెట్టుదము. కూలియు పోదు, చదువును వచ్చును గదా యని. ఈ ధోరణిలోనే అనియత విద్యాకేంద్రములు దేశమంతట వెలసినవి. పది గంటలు ఒళ్ళు వంచిన పిల్లవాడు లాంతరు ముందు కూర్చున్నచో వాని ముందు పుస్తకము తెరచుకొనును, కన్నులు మూసికొనిపోవును. ధనికుని బిడ్డకు పగటి బడి, కూలివాని బిడ్డకు రాత్రి బడి యను భేదమును ఒకసారి అంగీకరించినచో అది తరతరములు నిలిచిపోవును. అందుచేతనే ఈ రాజీకి వారు తావియ్యలేదు.

మూడవ ఆక్షేపణ మహాత్మునిది యని చెప్పుదురు. 1937లో వార్ధాయందు గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీము చేతిపని ద్వారమున విద్య నేర్పవలెనన్నది గదా, పిల్లలు పని చేసిన తప్పేమి అని. ఇందు మాట ఒకటే, అర్థము వేరు. గాంధీజీ పాఠశాలలో రాట్నము పిల్లవాని బుద్ధి వికాసమునకు సాధనము. కార్ఖానాలో పిల్లవాడే సాధనము. రాట్నముమీద పిల్లవాడు లెక్కలు నేర్చును. కార్ఖానాలో పిల్లవానిమీద యజమాని లెక్క వేయును. బడిలో భాగముగా పని నేర్పుటను జాతీయ విద్యావిధానము కోరినచో అది గాంధీమార్గమునకు చేరువ. బడి మాన్పించి పనికి పంపుట ఏ మార్గమునకును చేరువ కాదు.

ఇంతకును శాంతా సిన్హా గారి కృషి కొన్ని పల్లెలకే పరిమితమై యుండినచో దానిని సేవయని మెచ్చుకొని ఊరకుందుము. అది రాజ్యనీతిలోనికి ప్రవేశించుట వలన చర్చింపదగినదైనది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యములో 1993లో సుప్రీంకోర్టు పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేయని నిర్ణయించినది. 2002లో రాజ్యాంగ సవరణ జరిగినది. 2009లో విద్యాహక్కు చట్టము ఆమోదింపబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టములోని నాలుగవ సెక్షను బడి మానిన పిల్లవానిని వాని యీడునకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన చదువునకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని శాసించుచున్నది. వంతెన శిబిరములలో పరీక్షకు నిలిచిన భావమే ఇచ్చట చట్టరూపమున కనబడుచున్నది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ప్రథమాధ్యక్షురాలుగా శాంతా సిన్హా గారే నియుక్తులై 2013 వరకు పనిచేసిరి. విద్యాహక్కు చట్టము అమలును పర్యవేక్షించు భారమును ఆ చట్టము ఆ కమిషన్‌కే అప్పగించినది.

ఇక మన వాడకు వత్తము. బాలానగరు, జీడిమెట్ల ప్రాంతము చదువునకును పనికిని గల సంబంధమును చదువదలచినవానికి తెరచిన పుస్తకమువంటిది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగరున మందుల కర్మాగారము నెలకొల్పినది. 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయముతో కేంద్రప్రభుత్వము అచ్చటనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను స్థాపించినది. గుంటూరు జిల్లా తాడేపల్లి పసుపురైతు కుమారుడైన కల్లం అంజిరెడ్డి గారు గుంటూరులోను, బొంబాయిలోను చదివి, పూనా జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన ముగించి, ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. హైదరాబాదు మందుల పరిశ్రమ ఈ విధముగ చదువునుండి పుట్టినది. మొదట బడి, పిదప కళాశాల, పిదప పని, పిదప పరిశ్రమ. ఈ వరుసను తలక్రిందులు చేసి ఏ దేశమును బాగుపడలేదు.

అదే వాడలో మరియొక వరుసయు కలదు. శ్రీకాకుళమునుండి, ఒడిశానుండి, బీహారునుండి వచ్చిన కుటుంబములు ఇరుకు గదులలో కాపురముండును. విద్యాసంవత్సరము నడుమ దిగిన ఒడియా పిల్లవానికి ఇక్కడి బడి భాష రాదు. వాడు రెండు నెలలు మౌనముగా కూర్చుండి మూడవ నెల మానివేయును. పదునాలుగేండ్లు నిండువరకే విద్యాహక్కు చట్టము వానికి తోడు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు వారిని పనిలో పెట్టుకొనుటను నిషేధించినను, బడివేళల వెలుపల కుటుంబపు పనిలో సాయపడుటకు సందు విడిచినది. పదునాలుగు మొదలు పదునెనిమిది వరకు గల కిశోరులకు అపాయకరమైన పనులు మాత్రమే నిషిద్ధములు. ఆ నాలుగేండ్లలో చదువు హక్కు లేదు, పని నిషేధము సగము. మన పిల్లలు జారిపడు గుంట సరిగా ఇచ్చటనే యున్నది. విద్యాహక్కును పదునెనిమిదేండ్ల వరకు పొడిగింపవలెనని శాంతా సిన్హా గారు పలుకుటలోని ఆంతర్యము జీడిమెట్లలో నిలిచినవానికి వెంటనే బోధపడును.

రసాయనములతో పనిచేయు పరిశ్రమలలో చదువు ప్రాణరక్షణ కూడ. 2025 జూన్ 30న మనకు చేరువనున్న పాశమైలారము పారిశ్రామికవాడలో ఒక మందుల పరిశ్రమయందు జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా అసువులు బాసిరి. వారిలో చాలమంది దూరరాష్ట్రములనుండి పొట్టకూటికి వచ్చినవారు. అట్టి ప్రమాదములకు బాధ్యత కార్మికుని చదువుమీద మోపరాదు. కాని హెచ్చరిక పలకను చదువగలవాడు, అనుమానము తోచినప్పుడు ప్రశ్నింపగలవాడు, తన హక్కు ఏదియో ఎరిగినవాడు ప్రతి షెడ్డులోను ఉండుట అవసరమే. ఆ ధైర్యము మూడు నెలల శిక్షణలో రాదు.

ఈ సందర్భమున నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఇంటర్ మొదటి సంవత్సరమున నాయొద్ద ఒక విద్యార్థి యుండెను. తల్లిదండ్రులు శ్రీకాకుళమువైపు నుండి వచ్చిన కూలీలు. పద్యమును తప్పు లేకుండ, భావము చెడకుండ చదువువాడు. దసరా సెలవుల తరువాత రాలేదు. ఎక్కడనో పనిలో చేరినాడని తోటివారు చెప్పిరి. "పోనిమ్ము, ఇంటికి ఆసరా యగును" అనుకొని నేనే ఎర్రసిరాతో హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసితిని. వాని యిల్లు మైలు దూరమైనను లేదు. నేను పోలేదు.

మూడేండ్ల తరువాత షాపూర్‌నగర్‌లో వాడే నన్ను గుర్తించి నమస్కరించెను. "సార్, నా టీసీ ఇప్పిస్తారా? ఇంటర్ పాసైతే మిషన్ మీద పెడతామంటున్నారు. లేకపోతే హెల్పర్‌గానే ఉండాలంట" అనెను.

ఆ మూడేండ్లు వాడు పని నేర్చినాడని నేను అనుకొనుచుంటిని. వాడు నేర్చినది డబ్బాలు మోయుట, నేల కడుగుట. యంత్రమును తాకనిచ్చుటకు కంపెనీ అడిగినది నేను నిర్లక్ష్యముగా వదలివేసిన ఆ చదువునే! టి.సి. ఇప్పించితిని. వాడు ఓపెన్ స్కూలులో చేరి, రాత్రి షిఫ్టు ముగించి పగలు చదువుచు, ఒక పరీక్ష తప్పి, మరల వ్రాసి గట్టెక్కెను. నేడు యంత్రముమీదనే యున్నాడు. కాని తోటివారు పదునెనిమిదేండ్లకు దాటిన గడపను వాడు ఇరువది రెండేండ్లకు దాటెను. ఆనాడు నేను మైలు దూరము నడచియుండినచో ఆ నాలుగేండ్లు వానికి మిగిలియుండెడివి.

మొక్కయి వంగనిది మ్రానయి వంగునా యను సామెతను చెప్పి పిల్లలను పనిలో పెట్టువారు కలరు. మొక్కను వంచుట పెరుగుదలకు దిక్కు చూపుటకే గాని బరువు మోయించుటకు కాదు. బరువు పెట్టిన మొక్క వంగదు, విరుగును.

బడిలో చేరినంతమాత్రమున అన్నియు చక్కబడునని నేననను. బడిలో ఉండుట వేరు, చదువు వచ్చుట వేరు. పట్టము చేతబట్టి పని దొరకక తిరుగు యువకులను చూచి తల్లిదండ్రులు చదువునే శంకించుట న్యాయమే. ఆ లోపము బోధించు మనది, ప్రణాళికలు వ్రాయువారిది. ఐ.టి.ఐ.లు బాగుపడవలెను, స్కిల్స్ యూనివర్సిటీ వర్ధిల్లవలెను, పరిశ్రమలు బడులకు తలుపులు తెరువవలెను. అయితే ఆ శిక్షణాలయముల గడపకు వచ్చువాడు భాష చదివి అర్థము చేసికొనగలవాడు, లెక్క వేయగలవాడు, మరల క్రొత్తది నేర్వగలవాడు కావలెను. నేటి యంత్రము రేపు మారును. నేర్చుకొను శక్తి యున్నవాడు దానితోపాటు మారును, లేనివాడు దానితోపాటు పారవేయబడును.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపమొక్కటే. హాజరుపట్టీలో ఒక పేరునకెదురుగా వారము దినములు గైరుహాజరు పడినచో, ఎర్రసిరా తీయుటకు ముందు చెప్పులు తొడుగుకొని ఆ యింటికి పొండు. విద్యార్థులారా, మీ ప్రక్క బల్లపై స్థలము ఖాళీయైనచో మీ గురువునకు తెలుపుడు. ఆ మిత్రుని యిల్లు మాకంటె మీకే బాగుగా తెలియును. ఆచార్య శాంతా సిన్హా గారి కృషి మొదలైనది ఇంతటి చిన్నపనితోనే. రేపు ఉదయము ఎనిమిది గంటలకు జీడిమెట్ల వీథిలో ఆ రెండు ప్రవాహములు మరల కదలును. ఏ పిల్లవాడు ఏ వైపు నడచుచున్నాడో చూచుటకు మనలో ఒక్కరైనను అచ్చట నిలువవలెను.